ఫిలిప్పీన్స్‌లో ఆఫ్‌లోడ్ కాకుండా, అంటే ఎయిర్‌పోర్ట్ నుంచే వెనక్కి పంపేయకుండా ఉండటానికి డాక్యుమెంట్ సర్వీస్‌కి 7,500 పెసోలు కట్టాం, ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నా, 5కి 3 ఇస్తున్నాను. ఆ 3 కూడా ఆ సర్వీస్ మొత్తంలో ఒకే ఒక్క మనిషికి, ఫిలిప్పీన్స్‌కి చెందిన నా గర్ల్‌ఫ్రెండ్‌ని రెండుసార్లు వీడియో కాల్‌లో కూర్చోబెట్టి ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేయించిన ఆవిడకి. మిగతా పనిలో సగం ఇంట్లో కూర్చుని మనమే చేసుకోగలిగింది, ఇంకో సగం అసలు చేయకూడనిది. వాళ్ల పేరు రాయడం లేదు. ఇలాంటి సర్వీసులు మనీలాలో చాలా ఉన్నాయి, నేను చూసినవాటి ప్యాకేజీలన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి, కాబట్టి మీరు ఏది తీసుకోబోతున్నా ఇది పనికొస్తుంది.

నేను సింగపూర్‌లో ఉద్యోగం చేస్తాను. తనది ఇలోయిలో అనే నగరం దగ్గర ఒక ఊరు, ఉద్యోగం మనీలా పక్కనే పాసిగ్‌లో, ఒక హార్డ్‌వేర్ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది. రెండేళ్ల పరిచయం. నేను రెండుసార్లు వెళ్లాను, వాళ్ల నానయ్‌ని, అంటే అమ్మని, కలిశాను, వాళ్లింట్లో భోంచేశాను. ఈసారి తను ఆరు రోజులు సింగపూర్ రావాలనుకున్నాం. ఫిలిప్పీన్స్ వాళ్లకి సింగపూర్‌కి వీసా అక్కర్లేదు, 30 రోజుల దాకా ఉండొచ్చు. మరి టెన్షన్ ఎందుకంటే, మనీలాలో విమానం ఎక్కే ముందే పెద్ద పరీక్ష ఉంటుంది.

మనవాళ్లలో చాలామందికి ఇది చెబితే నమ్మరు. టూరిస్టుగా బయటికి వెళ్తున్న మనిషిని సొంత దేశపు ఇమిగ్రేషన్ ఆఫీసరే ఆపి, ప్రశ్నలడిగి, సమాధానం నచ్చకపోతే వెనక్కి పంపేయొచ్చు. దాన్ని అక్కడ అందరూ ఆఫ్‌లోడ్ అంటారు. టికెట్ డబ్బులు, హోటల్ డబ్బులు, లీవ్, అన్నీ పోతాయి. మన దగ్గర ఈసీఆర్ పాస్‌పోర్ట్‌తో గల్ఫ్‌కి పనికి వెళ్లేవాళ్లని క్లియరెన్స్ అడుగుతారు కదా, ఉద్దేశం అలాంటిదే, కాకపోతే అక్కడ మామూలు టూరిస్టుని కూడా అడుగుతారు.

దీనికి కారణం ఉంది, అది తెలియకుండా ఫైల్ తయారు చేస్తే తప్పు ఫైల్ తయారవుతుంది. మనుషుల అక్రమ రవాణాని ఆపడానికి 2003లో వాళ్లు 9208 నంబర్ చట్టం చేశారు, దాని ఆధారంగా ప్రయాణికుల తనిఖీకి మార్గదర్శకాలు వచ్చాయి, మేం చూసినప్పుడు నడుస్తున్నవి 2015 నాటివి. టూరిస్టుగా బయల్దేరి ఇంకో దేశంలో ఇంట్లో పనికి చిక్కుకుపోయినవాళ్లు, ఈ మధ్య అయితే మయన్మార్, కంబోడియాల్లో ఆన్‌లైన్ మోసాల కేంద్రాల్లో బందీలైపోయినవాళ్లు నిజంగా ఉన్నారు. తనతో పని చేసే ఒకమ్మాయి కజిన్ అలా ఇరుక్కుని నాలుగు నెలలకి బయటపడింది. కాబట్టి తనిఖీ అవసరం లేదని నేను అనను. కానీ 2022లో 32,404 మందిని ఆపితే, అందులో అక్రమ రవాణా లేదా దొంగ రిక్రూట్‌మెంట్ బాధితులని తేలినవాళ్లు 472 మంది. మిగతావాళ్లలో చాలామంది మనలాంటి మామూలు మనుషులే అయ్యుంటారు. 2023లో ఒక అమ్మాయిని స్కూల్ ఇయర్‌బుక్ ఉందా అని అడిగారని, ఆ ప్రశ్నల్లో ఫ్లైటే మిస్సయిందని పెద్ద గొడవైంది, ఇమిగ్రేషన్ వాళ్లు క్షమాపణ కూడా చెప్పారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఇంకా ఎక్కువ కాగితాలు అడిగే కొత్త నియమాలు రావాల్సింది, సెనేటర్లు అడ్డుపడటంతో అమల్లోకి రాకముందే ఆపేశారు. ఈ వార్తలన్నీ చదివి చదివి తనకి నిద్ర పట్టడం మానేసింది, అందుకే సర్వీస్ వైపు చూశాం.

ప్యాకేజీ 7,500 పెసోలు. చెక్‌లిస్ట్, అఫిడవిట్ డ్రాఫ్ట్, ఫైల్ అమర్చడం, రెండు ప్రాక్టీస్ ఇంటర్వ్యూలు. 10 రోజుల్లో అన్నారు, 24 రోజులు పట్టింది, ఆ మధ్యలో మెసేజ్ పెడితే రెండు రోజులకోసారి ఒక థంబ్స్అప్. ప్రయాణం దగ్గర పడుతుంటే ఆ థంబ్స్అప్ చూసి ఎంత మండిందో చెప్పలేను.

మొదటి వారంలోనే వాళ్లు అడిగింది నా కాగితాలు. నా ఏడాది బ్యాంక్ స్టేట్‌మెంట్, నా పాస్‌పోర్ట్ అన్ని పేజీలు, నా ఎంప్లాయ్‌మెంట్ పాస్, ఆరు నెలల పే స్లిప్పులు, అద్దె అగ్రిమెంట్. తన గురించి అడిగింది పాస్‌పోర్ట్, కంపెనీ ఐడీ మాత్రమే. నాకు అప్పుడు తేడా తెలియలేదు, పంపేశాను. తర్వాత ఆ 2015 మార్గదర్శకాలు చదివితే అర్థమైంది. మొదటి కౌంటర్‌లో చూసేవి పాస్‌పోర్ట్, అవసరమైతే వీసా, బోర్డింగ్ పాస్, తిరుగు టికెట్. పాస్‌పోర్ట్‌కి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. ఆ తర్వాత అనుమానం వస్తే సెకండరీ అనే రెండో తనిఖీకి పంపుతారు, అక్కడ చూసేవి ఆ ప్రయాణికురాలి వయసు, చదువు, డబ్బు స్తోమత. అంటే అన్నీ తనవే. నా జీతం ఎంతైతే ఆ ఆఫీసర్‌కి ఏం లెక్క? ఆయన తేల్చుకోవాల్సింది ఒక్కటే, ఈ అమ్మాయి తిరిగొస్తుందా, అక్కడ ఎవరి చేతిలోనైనా ఇరుక్కుంటుందా అని. విదేశీ స్నేహితుడి దగ్గర డబ్బు దండిగా ఉందని చూపిస్తే ఆ అనుమానం తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా.

ఇక అఫిడవిట్. సపోర్ట్ అఫిడవిట్, అంటే ప్రయాణికురాలి ఖర్చులు నేను చూసుకుంటానని రాసిచ్చే ప్రమాణ పత్రం, ప్రధానంగా బంధువుల కోసం పెట్టింది, నాలుగో తరగతి బంధుత్వం లోపు, అంటే కజిన్ దాకా. బాయ్‌ఫ్రెండ్ చట్టప్రకారం బంధువు కాడు. అందుకని నా అఫిడవిట్ ఉంటే అదనపు బలం, అంతే, దాని మీదే భారం వేయకూడదు. ఈ సంగతి సర్వీస్ వాళ్లు చెప్పలేదు, పైగా అదే ముఖ్యమైన కాగితం అన్నట్టు మాట్లాడారు. డ్రాఫ్ట్ వచ్చాక చదువుతుంటే రెండో పేజీలో ఎవరో వేరే జంట పేర్లు ఉన్నాయి. పాత కస్టమర్ ఫైల్ మీదే మా పేర్లు మార్చి పంపారు, రెండో పేజీ మార్చడం మర్చిపోయారు. నా పాస్‌పోర్ట్ నంబర్‌లో ఒక అంకె కూడా తప్పు. చూడకుండా నోటరీ చేయించి ఉంటే తన ఫైల్‌లో పరాయివాళ్ల పేర్లున్న అఫిడవిట్ ఉండేది, దాన్ని దొంగ కాగితం అనుకోరని ఎవరు చెప్పగలరు? ఇంకో భయం కూడా పట్టుకుంది, నా బ్యాంక్ స్టేట్‌మెంట్ రేపు ఎవరి డ్రాఫ్ట్‌తో కలిసి ఎవరికి వెళ్తుందో అని. డిలీట్ చేయమని మూడుసార్లు అడిగాను, చేశామని ఇప్పటికీ రాతపూర్వకంగా చెప్పలేదు. ఈ ఒక్క విషయానికే ఒక స్టార్ తీసేశాను. చివరికి నేనే ఒక పేజీలో మామూలు మాటల్లో రాసుకున్నాను, మాకు ఎప్పటి నుంచి పరిచయం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వస్తుంది, టికెట్ ఎవరు కొన్నారు, ఎక్కడ ఉంటుంది. నోటరీ చేయించి అపోస్టిల్, అంటే ఇంకో దేశంలో కాగితం చెల్లడానికి వేసే అధికారిక ముద్ర, వేయించాను. ఫిలిప్పీన్స్ 2019 నుంచి, సింగపూర్ 2021 నుంచి ఆ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి అది చెల్లుతుంది.

తర్వాత మూడు సలహాలు ఇచ్చారు. ఎవరైనా మీకూ ఇవి ఇస్తే దయచేసి వినకండి.

తన అకౌంట్‌లో లక్ష పెసోలు వేసి, బ్యాంక్ సర్టిఫికెట్ తీసుకుని, వారం తర్వాత వెనక్కి తీసుకోమన్నారు. తన జీతం నెలకి 26,000. ఆరు నెలల స్టేట్‌మెంట్ తీస్తే జీతం, ఇంటికి పంపిన డబ్బు, కరెంటు బిల్లు, వీటి మధ్య ఒక్కసారిగా లక్ష ఎక్కడి నుంచి వచ్చిందని చిన్నపిల్లలు కూడా అడుగుతారు. రెండోది, బాయ్‌ఫ్రెండ్ అని చెప్పొద్దు, ఒంటరిగా తిరగడానికి వెళ్తున్నా అని చెప్పమన్నారు. టికెట్ నేను కొన్నాను, కార్డ్ మీద నా పేరుంది, ఫోన్ నిండా నా మెసేజ్‌లే. ఎదురుగా యూనిఫాంలో ఉన్న మనిషికి అబద్ధం చెప్పి నిలబడగలిగే అమ్మాయి కాదు తను, నేను అలా నిలబెట్టను కూడా. అబద్ధం బయటపడితే ఆ రోజు ప్రయాణం ఒక్కటే పోదు, తప్పుడు సమాచారం ఇచ్చిందని రికార్డులో పడుతుంది, తర్వాతి ప్రయాణాలన్నిటికీ అదే అడ్డం. మూడోది, ఇంకో 15,000 ఇస్తే లోపల తెలిసినవాళ్లున్నారు, దగ్గరుండి దాటిస్తారన్నారు. ఫోన్ పెట్టేశాను. అది లంచం, పట్టుబడితే శిక్ష తనకి కూడా.

గ్యారంటీ అనే మాట కూడా వాడారు. ఆఫీసర్ విచక్షణ మీద ఆధారపడిన దానికి బయటివాళ్లెవరూ గ్యారంటీ ఇవ్వలేరు, ఆ మాట వినిపించిన చోట జాగ్రత్త పడండి.

ఇప్పుడు మంచి గురించి, ఎందుకంటే ఆవిడ పనిని మెచ్చుకోకపోతే అన్యాయం అవుతుంది. ప్రాక్టీస్ ఇంటర్వ్యూ చేసినావిడ వయసులో పెద్దావిడే, అక్కడి భాష టగాలోగ్‌లో మాట్లాడింది, నేను పక్క విండోలో మ్యూట్‌లో కూర్చున్నాను, తర్వాత తను నాకు అంతా చెప్పింది. ముందు మామూలుగా మొదలుపెట్టింది, ఎక్కడికి, ఎన్ని రోజులు, ఎవరు పిలిచారు, ఆయన్ని ఎక్కడ కలిశారు, ఎన్నిసార్లు కలిశారు, ఏం పని చేస్తారు. తను ఒక్కోదానికీ పెద్ద కథ చెప్పడం మొదలుపెట్టింది, కంగారులో అడగనివి కూడా. ఆవిడ ఆపి, "అమ్మా, అడిగినదానికే చెప్పండి, గాలి పీల్చుకోండి, మీరు తప్పు చేయలేదు" అంది. ఆ చివరి మాటకి తను ఏడ్చేసింది. నెల రోజులుగా తప్పు చేసినదానిలా భయపడుతోందని నాకు అప్పుడే తెలిసింది. విదేశీయుడితో ప్రేమలో ఉందంటే వాళ్ల ఆఫీసులోనే కొందరు చూసే చూపు ఎలా ఉంటుందో తను ఎప్పుడూ నాతో అనలేదు.

రెండో కాల్‌లో ఆవిడ కాగితాలన్నీ స్క్రీన్ మీద పెట్టుకుని తేదీలు చదివింది. అక్కడ దొరికింది అసలు లోపం. కంపెనీ ఇచ్చిన లీవ్ లెటర్‌లో 12 రోజులు, తిరుగు టికెట్ ఆరో రోజుకి. మిగతా ఆరు రోజులు ఎక్కడ ఉంటారు? మాకు సమాధానం తెలుసు, తను సింగపూర్ నుంచి రాగానే ఇలోయిలో వెళ్లి నానయ్ 60వ పుట్టినరోజుకి ఉండాలనుకుంది, అందుకే ఒకేసారి లీవ్ పెట్టింది. కానీ ఆ సమాధానం మా నోట్లో ఉంది, కాగితం మీద లేదు. బయటి నుంచి చూసేవాళ్లకి ఆరు రోజుల టికెట్‌తో 12 రోజుల లీవ్ పెట్టిన మనిషి కనిపిస్తుంది, అంటే టికెట్ మార్చుకుని అక్కడే ఉండిపోవచ్చని అనిపిస్తుంది. ఆవిడ అడిగింది, "ఇలోయిలో టికెట్ కొన్నారా?" కొనలేదు, ధర తగ్గుతుందేమోనని చూస్తున్నాం. "ఈ రోజే కొని, ప్రింట్ తీసి లీవ్ లెటర్ వెనకే పెట్టండి" అంది. ఇంతమంది ఇన్ని సలహాలు ఇచ్చారు కానీ మా ట్రిప్‌ని నిజంగా చూసి చెప్పిన మాట ఇదొక్కటే. నా వరకు 7,500లో విలువైనది ఆ పది నిమిషాలే.

సర్వీస్ వాళ్లు చివరికి పంపిన ఫైల్ 63 పేజీలు, అందులో నలభై పైన నావే. మేం దాన్ని పక్కన పెట్టి కొత్తగా పేర్చాం. పైన తన ఉద్యోగ సర్టిఫికెట్, లీవ్ లెటర్, దాని వెనక ఇలోయిలో టికెట్. తర్వాత ఆరు నెలల జీతం పడిన స్టేట్‌మెంట్, కంపెనీ పన్ను కట్టినట్టు ఇచ్చే 2316 ఫారం, ఎస్‌ఎస్‌ఎస్ చందా రికార్డు. ఈ చివరిది చాలామంది పెట్టరు, పెట్టండి, మన పీఎఫ్ పాస్‌బుక్ లాంటిది, ప్రభుత్వ రికార్డు కాబట్టి ఉద్యోగం నిజమేనని దానికంటే గట్టిగా చెప్పేది లేదు. ఆ తర్వాత హోటల్ బుకింగ్, నా ఒక పేజీ అఫిడవిట్, నా ఎంప్లాయ్‌మెంట్ పాస్ కాపీ, నా పాస్‌పోర్ట్‌లో ఫిలిప్పీన్స్ స్టాంపులున్న పేజీ, ఆరు ఫోటోలు, రెండింటిలో నానయ్ కూడా ఉంది. మొత్తం 22 పేజీలు. ప్లాస్టిక్ ఫోల్డర్‌లో, అడిగితే తప్ప బయటికి తీయొద్దని ఆవిడే చెప్పింది.

సీఎఫ్‌ఓ గురించి ఒక మాట, ఎందుకంటే ఇక్కడ కూడా డబ్బు గుంజే ప్రయత్నం జరిగింది. విదేశీ భర్త దగ్గరికి, లేదా పెళ్లి చేసుకోబోయే మనిషి దగ్గరికి వెళ్లేవాళ్లు కమిషన్ ఆన్ ఫిలిపినోస్ ఓవర్సీస్ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర కౌన్సెలింగ్‌కి వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, అది లేకపోతే నేరుగా సెకండరీ తనిఖీకే. మాది ఇంకా నిశ్చితార్థం దాకా రాలేదు, ఆరు రోజులు చూసి రావడానికే, కాబట్టి మాకు అప్పుడు అది వర్తించలేదు. అయినా "ఉంటే మంచిది" అని 4,000కి అమ్మబోయారు. ఆ కౌన్సెలింగ్‌కి మనిషి స్వయంగా కూర్చోవాలి, అపాయింట్‌మెంట్ సొంతంగా తీసుకోవచ్చు, మధ్యలో ఎవరూ అక్కర్లేదు.

ప్రయాణం రోజు తను మనీలా టెర్మినల్ 3కి నాలుగున్నర గంటల ముందే వెళ్లింది. ఈట్రావెల్ అనే ప్రభుత్వ సైట్‌లో ప్రయాణానికి 72 గంటల లోపు ఉచితంగా రిజిస్టర్ చేసుకుని క్యూఆర్ కోడ్ ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంది (దానికి డబ్బు అడిగే నకిలీ సైట్లు ఉన్నాయి, జాగ్రత్త). ట్రావెల్ ట్యాక్స్ 1,620 పెసోలు ముందే ఆన్‌లైన్‌లో కట్టింది. మొదటి కౌంటర్‌లో ఎవరి దగ్గరికి అని అడిగారు, బాయ్‌ఫ్రెండ్ దగ్గరికి అని చెప్పింది. ఏ దేశం అంటే ఇండియన్, సింగపూర్‌లో పని చేస్తారు అంది. సెకండరీకి పంపారు. నాకు మెసేజ్ వచ్చింది, "మహల్ (టగాలోగ్‌లో ప్రియా అని), లోపలికి పంపారు, ఫారం నింపుతున్నాను." ఆ తర్వాత 35 నిమిషాలు ఏమీ లేదు. నేను ఆఫీసులో ఉన్నాను, స్క్రీన్ మీద ఏముందో కూడా నాకు గుర్తులేదు.

తర్వాత చెప్పింది. లోపల ఉన్నది ఒక లేడీ ఆఫీసర్. నా అఫిడవిట్ తిరగేసి పక్కన పెట్టారట. నా పాస్‌పోర్ట్ స్టాంపులు చూశారు. ఉద్యోగం గురించి నాలుగు ప్రశ్నలు, ఎస్‌ఎస్‌ఎస్ రికార్డు చూసి తల ఊపారు. తర్వాత లీవ్ లెటర్ పట్టుకుని సరిగ్గా అదే ప్రశ్న, "లీవ్ 12 రోజులు, ట్రిప్ ఆరు రోజులే కదా?" తను పేజీ తిప్పి ఇలోయిలో టికెట్ చూపించి, "మా నానయ్‌కి అరవై ఏళ్లు నిండుతున్నాయి మేడమ్" అంది. ఆ ఆఫీసర్ తేదీ చూసి, ఫారం మీద సంతకం పెట్టి, జాగ్రత్తగా వెళ్లి రమ్మన్నారట.

ఆలస్యానికి, ఆ తప్పు డ్రాఫ్ట్‌కి 2,500 వెనక్కి అడిగాను, వారం వాదించాక 1,000 ఇచ్చారు. ప్రాక్టీస్ ఇంటర్వ్యూ ఒక్కటే విడిగా అమ్మితే 2,000 దాకా సంతోషంగా కడతాను, మీరు కూడా అలా విడిగా దొరుకుతుందేమో అడగండి. ఇవ్వనంటే, మీ గర్ల్‌ఫ్రెండ్ స్నేహితురాలిని ఎవరినైనా ఆఫీసర్‌లా కూర్చోబెట్టి కాగితాల మీది తేదీలన్నీ గట్టిగా చదివించండి. నా కాగితాల ప్యాకేజీ మాత్రం మళ్లీ కొనను. పెళ్లి విషయం ఇంట్లో చెప్పాం, సీఎఫ్‌ఓ కౌన్సెలింగ్‌కి అపాయింట్‌మెంట్ తనే చూసుకుంటోంది.

ఆరో రోజు రాత్రి తను మనీలాలో దిగింది, మర్నాడు పొద్దున్నే ఇలోయిలో విమానం ఎక్కింది, బ్యాగ్‌లో నానయ్ కోసం రెండు సీసాల కాయా జామ్ (సింగపూర్‌లో దొరికే కొబ్బరిపాల జామ్). పుట్టినరోజు ఫోటోలో ఆ సీసాలు కేక్ పక్కనే ఉన్నాయి.